ఆర్యపల్లిని పరిగెత్తించిన చోడి బిస్కెట్టు

ఆర్యపల్లి జనం తుఫానుకు కూడా ఒక పట్టాన కదలరు. మైకులు పెట్టి బతిమాలినా, జీపులు తెచ్చి గుమ్మంలో నిలబెట్టినా, వలలు ఎవరు చూస్తారు, కోళ్ళు ఎవరు చూస్తారు అని గంటలకొద్దీ వాదిస్తారు. అలాంటి ఊరిచేత ఒక ఉదయం, గ్లాసులో టీ చల్లారేలోపు, ముక్కులకు తడిగుడ్డలు పెట్టించి సముద్రం ఒడ్డుకు పరిగెత్తించిన ఘనుడు ఒకడున్నాడు. వాడి వెనక అధికారులు లేరు, పోలీసులు లేరు. ఒక పళ్ళెం బిస్కెట్లు ఉన్నాయి, అంతే. ఆ ఘనుణ్ణి నేనే. జరిగిన నష్టమంతా వరసగా చెబుతాను, మధ్యలో లేచిపోకండి. నేను మాత్రం లేస్తాను. ఒకచోట పావుగంట కూచోవడం నాకు ఇప్పటికీ రాలేదు.

అప్పటికి నేను చిన్నవాణ్ణి. అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు డెబ్బై అయిదు నిండాయి కాబట్టి ఆ కుర్రవాడి తెలివి గురించి కాస్త ధైర్యంగా మాట్లాడగలను. వాడు ఎదురుపడితే చెవి మెలిపెట్టి గోడకుర్చీ వేయిస్తాను.

ముందు వాడి చదువు సంగతి వినండి. బడిలో మూడేళ్ళు ఒడియా నేర్చుకున్నాడు. తెలుగు మా అమ్మమ్మ ఇసుకలో రాయించింది. ఇంగ్లీషు మాత్రం యంత్రాల మీద నేర్చుకున్నాడు. లోకమంతా యాపిల్‌తో మొదలుపెడితే, నేను డేంజర్‌తో మొదలుపెట్టాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఆర్యపల్లి ఐసు ఫ్యాక్టరీలో యంత్రం నడిపాను. ఆ తీరంలో చేప చచ్చిందంటే నా ఐసు మీద పడుకోవలసిందే. అందుకే ఇప్పటికీ అందరికీ నేను ఐసు మేస్త్రినే.

ఐసు చల్లనిదే కానీ, దాన్ని గడ్డకట్టించే అమ్మోనియా గేసు అంత చల్లని స్వభావం కలది కాదు. గొట్టంలో ఉన్నంతసేపూ కొత్తకోడలిలా వినయంగా ఉంటుంది. వాల్వు దగ్గర సూదిమొనంత సందు దొరికిందా, కళ్ళు, ముక్కు, గొంతు మూడింటినీ ఒకేసారి పట్టుకుంటుంది. అందుకని ఊరికంతా ఒక పాఠం నేర్పాను. ఫ్యాక్టరీ గుమ్మంలో వేలాడే రైలుపట్టా ముక్క మోగిందంటే, చేతికందిన గుడ్డను చేతికందిన నీళ్ళలో ముంచి ముక్కుకు పెట్టుకోవాలి. గాలి ఎటునుంచి వీస్తోందో చూసి దానికి ఎదురు పరిగెత్తాలి. ప్రశ్నలన్నీ తరవాత. నా కాలంలో నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ ఊరంతా బతికింది.

తరవాత ఫ్యాక్టరీ మూతపడింది. యంత్రాలు, గొట్టాలు కోసి పాత ఇనుముకు అమ్మేశారు. నేను బరంపురం వచ్చి అంకులిలో కాపురం పెట్టాను. చేతులకు పని లేదు. కాళ్ళకు తోవ లేదు. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతుంటే మా ఇంటావిడ సూరమ్మ ఒకరోజు విసుక్కుంది.

"ఏటి ఆ తిరుగుడు? గానుగకి కట్టినా నూనె దిగును. కూసోని ఏదోటి సదువుకో."

చదవడానికి ఇంట్లో ఏముంది? ఆవిడ చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు ఉంది. అది లాక్కుని వెనక్కి తిప్పాను. అంతే, నా జీవితం తిరగబడింది.

అబ్బ, అవేం అక్షరాలండీ! చీమ గుడ్లు నయం. ముందువైపు పాలధార, పచ్చటి పొలం, పళ్ళికిలించిన పాప. ఆ బొమ్మలకు అరచెయ్యంత చోటు. లోపల ఏముందో చెప్పే మాటలకు వేలిగోరంత చోటు, అదీ మడత కింద. దాచుకోవలసిన పని లేనివాడు మడత కింద ఎందుకు రాస్తాడు? భూతద్దం తెచ్చుకుని చదివాను. శుద్ధి చేసిన గోధుమపిండి అట. మైదా అని చెప్పడానికి సిగ్గు. ఖాద్య తైలం అట. ఏ తైలమని కాస్త కిందికి దిగితే పామాయిలు. పంచదార ఒకసారి, దాని కింద మారుపేరుతో పాకం రూపంలో ఇంకోసారి. ఆపైన జైలు ఖైదీల్లాగ నంబర్లు. అయిదు వందలు, అయిదు వందల మూడు.

మందుల షాపాయన్ని అడిగితే అయిదు వందలంటే వంటసోడా, అందులో సోడియం ఉంటుంది, బీపీ ఉన్నవాళ్ళు చూసుకోవాలి అన్నాడు. మా ఇంటావిడకు బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమంటే కూరలో తగ్గించి, ఆ దిగులుకు పూటకొక ప్యాకెట్టు బిస్కెట్లు తింటోంది.

"ఇందులో ఉప్పుంది, తెలుసునా?" అన్నాను.

"తియ్యటి బిస్కత్తులో ఉప్పేటి? నీ నోట్లో ఉందేమో సూసుకో."

ఇక ఊరుకున్నానా! ఎవరి చేతిలో ప్యాకెట్టు కనబడినా నా భూతద్దం బయటికొచ్చేది. పురుషోత్తంపూర్ బస్సులో ఒకావిడ పిల్లకు బిస్కెట్టు ఇస్తుంటే దాని జాతకం మొత్తం చదివి వినిపించాను. ఆవిడ దిగవలసిన ఊరికి రెండు ఊళ్ళు ముందే దిగిపోయింది. పచ్చకామెర్లతో పడుకున్న చుట్టాన్ని చూడడానికి వెళ్ళి, వచ్చినవాళ్ళు తెచ్చిన ప్యాకెట్లన్నీ మంచం కిందికి తోసేశాను. "మా చిన్నప్పుడు టీకొట్టు గాజుసీసాలో ఉండేవీ, అవీ బిస్కెట్లంటే! ఒక అక్షరం లేదు, ఒక నంబరు లేదు, అమృతం!" అని ఉపన్యాసం. అక్షరం లేకపోతే అందులో ఏముందో మనకేం తెలుసు అని ఆ అరవై ఎనిమిదేళ్ళ బుర్రకు ఒక్కసారైనా తట్టలేదు, చూడండి.

అయిదు వందల మూడేమిటో మాత్రం నేను అడగలేదు. అయిదు వందలకు తమ్ముడై ఉంటాడు, అన్నను పట్టుకున్నాం చాలు అనుకున్నాను. ఈ మాట కాస్త మనసులో పెట్టుకోండి.

ఇలా నా పేరు మారుమోగుతున్న రోజుల్లో నూకరత్నం వచ్చింది. నా చెల్లెలి కూతురు. ఆర్యపల్లిలోనే ఉంటుంది. మొగుడు కేరళలో పడవల పనికి వెళ్ళి ఏడాదికోసారి కనబడేవాడు. పన్నెండేళ్ళు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని బరంపురం వీధులన్నీ తిరిగింది. మెడనరం పట్టేసి తల ఎడమవైపు తిరగడం మానేసింది. ఇంకొక్క గంప ఎత్తితే చెయ్యి కూడా పడిపోతుందని డాక్టరు చెప్పాక, మరో నలుగురు ఆడవాళ్ళను కూడగట్టుకుని గ్రూపు పెట్టి బిస్కెట్లు కాల్చడం నేర్చుకుంది. చోళ్ళ బిస్కెట్లు. రాగులను మా వైపు చోళ్ళంటాం. బరంపురంలో ఒక ఆడపిల్లల హాస్టలు వార్డెను, వచ్చి చూస్తాను, నచ్చితే ప్రతివారం తీసుకుంటాను అన్నదట. అది కుదిరితే అయిదు ఇళ్ళు నిలబడతాయి. కుదరకపోతే ఆ మెడ మీదికి మళ్ళీ గంప.

"మావా, ఇందులో ఏటెయ్యాలో, ఏటెయ్యకూడదో నువ్వే సెప్పు. మనోళ్ళలో నీ అంత సదివినోడు ఇంకోడు నేడు."

ఆ మాటకు నేను కుర్చీలో సర్దుకుని కూచున్నాను. నా అంతట నేను కూచోవడం చూసి సూరమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"మైదా?" అన్నాను.

"ఎయ్యను. సోళ్ళపిండి, గోదుంపిండి."

"నూనె?"

"వెన్న మావా."

"పంచదార?"

"బెల్లం."

"అయిదు వందలు?"

"అదేటి?"

"వంటసోడా! ఉప్పుకి తోబుట్టువు. చిటికెడు పడిందంటే నేను సంతకం పెట్టను."

"సోడా ఎయ్యకపోతే బిస్కత్తు పొంగదు మావా. రాయినాగ అయిపోతాది."

"అయితే అవనీ."

"పళ్ళున్నోళ్ళు తినాలి కదేటి," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

పది రోజులకు, ప్యాకెట్టు మీద అంటించే చీటీ రాయించుకుని మళ్ళీ వచ్చింది. బరంపురంలో తనకు పని నేర్పిన ముసలి బేకరీ మేస్త్రిని అడిగి సోడా తీసేశానంది. నేను పట్టుబట్టినట్టే పెద్ద అక్షరాలు. చివరి వరసలో అయిదు వందల మూడు.

"ఇది నీకు సమ్మతమేనా మావా?"

అదేమిటో నాకు తెలీదు. తెలీదు అంటే సరిపోయేది. కానీ మూడు నెలలుగా ఆ మాట వాడక నా నోట్లో తుప్పుపట్టిపోయింది.

"బాగుంది," అన్నాను. "అయిదు వందల కంటే ఇదే మేలు."

"ఎలాగ మేలు?"

"మూడు ఎక్కువ కదా."

నూకరత్నం నా ముఖంలోకి ఒక క్షణం చూసి చీటీ మడతపెట్టుకుంది.

వార్డెను వచ్చే ఉదయం నన్ను ఆర్యపల్లి పిలిచారు. మేడానికి చీటీలోని విషయాలు ఒడియాలో వివరించడం నా పని. బస్సు దిగి నడిచి వెళ్ళేసరికి గుండె గతుక్కుమంది. వాళ్ళు అద్దెకు తీసుకున్న షెడ్డు మా పాత ఐసు ఫ్యాక్టరీ! గోడలకు సున్నం వేశారు, నేల కడిగారు, తలుపుకు మామిడాకులు కట్టారు. గుమ్మంలో ఆ రైలుపట్టా ముక్క మాత్రం అలాగే వేలాడుతోంది. లోపల నా కంప్రెసరు ఉండే చోట కొత్త ఓవెను. నా కాళ్ళు పాత అలవాటు కొద్దీ ఆ గోడ వెంట రెండుసార్లు తిరిగొచ్చాయి. లేని గొట్టాల దగ్గర ఆగి లేని మీటర్లు చూశాను.

"మావా, ఒకకాడ నిలబడు. మేడం వొచ్చే యేళయింది," అంది నూకరత్నం. అయిదుగురూ ఉతికిన చీరలు కట్టుకుని బడిపిల్లల్లా వరసగా నిలబడ్డారు.

మేడం వచ్చింది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు, తక్కువ మాట, అన్నిటినీ వేలితో తుడిచి చూసే అలవాటు. నేను మొదలుపెట్టాను. కంపెనీ ప్యాకెట్ల మీద చీమగుడ్ల అక్షరాలు, మారుపేర్ల పంచదార, మడత కింద పామాయిలు. మేడం మొదట గడియారం చూసుకుంది. తరవాత కళ్ళజోడు సర్దుకుని వినసాగింది. ఇక నాకు రెక్కలొచ్చాయి.

"ఇక్కడ కాగితం మీద ఉన్నదే లోపల ఉంది మేడం! ప్రతి అక్షరం నేను స్వయంగా పరిశీలించాను. అన్నీ రాయాలి, ఏదీ దాచకూడదు, అదే నా సిద్ధాంతం!"

"బాగా చెప్పారు మౌసా," అంది ఒడియాలో. మౌసా అంటే బాబాయ్ లాంటి పిలుపు. నూకరత్నం కళ్ళు వెలిగాయి. "మేడం, ఏడేడిగా తిందురు గాని," అంటూ ఓవెను తలుపు తెరిచింది.

గుప్పుమని వాసన.

ఏ వాసనో నా బుర్రకు తెలియకముందే నా కాళ్ళకు తెలిసిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు అదే గోడల మధ్య పీల్చిన వాసన! అమ్మోనియా! కంప్రెసరు లేదు, గొట్టం లేదు, గేసు సిలిండరు లేదు అని చెప్పడానికి బుర్ర తయారవుతోంది కానీ కాళ్ళు ఆగితేనా!

"గేసు లీకు! గేసు లీకు! ముక్కులు ముయ్యండి!" అని అరిచాను.

తడిగుడ్డ కావాలి. భుజాన తువ్వాలుంది. ఎదురుగా గిన్నెలో ఏదో తెల్లగా ఉంది. ముంచాను. అవి మేడం టీ కోసం తెప్పించిన పాలు. అప్పుడు పాలా నీళ్ళా అని చూసేవాడెవడు? మర్యాదస్తుణ్ణి కాబట్టి ముందు మేడం ముఖానికే అద్దాను. ఆవిడ "ఊఁ! ఊఁ!" అంటుంటే రెక్క పట్టుకుని బయటికి లాగాను. దారిలో సుత్తి దొరికింది. రైలుపట్టా మీద చెయ్యి నొప్పెట్టేదాకా బాదాను.

నా పాఠం నా శిష్యులు మరిచిపోలేదండీ. ఆ మోత ఆగి ఎన్నేళ్ళయిందో, అయినా ఇంటింటి నుంచీ జనం ఊడిపడ్డారు. వలలు అల్లేవాళ్ళు వలలు వదిలేశారు. గంజిలో ముంచిన చీరచెంగులు, చేపలు కడిగిన నీళ్ళలో ముంచిన లుంగీలు. గాలి సముద్రం మీది నుంచి వీస్తోంది, ఎదురు పరిగెత్తాలి, కనుక ఊరు ఊరంతా సముద్రం వైపే. ఎనభై ఏళ్ళ ఎర్రమ్మ పెద్దమ్మ కర్ర చంకలో పెట్టుకుని నన్ను దాటిపోయింది. కర్ర అక్కర్లేదని ఆవిడకు ఆ రోజే తెలిసింది. మధ్యలో మేడం, గడ్డం నుంచి పాలు కారుతూ, ఒక కాలికి చెప్పు లేకుండా.

మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆగాం. "అందరూ వచ్చారా?" అని లెక్క చూసుకున్నాను. నూకరత్నం లేదు.

నా గుండె ఆగిపోయింది. నవ్వకండి, ఆ క్షణంలో నిజంగానే ఆగిపోయింది. చెల్లెలికి ఏమని చెప్పను? వెనక్కి పరిగెత్తబోతుంటే, ఇసుకలో నెమ్మదిగా నడుస్తూ, రెండు చేతులా పళ్ళెం పట్టుకుని వస్తోంది. ముక్కుకు గుడ్డ లేదు. కళ్ళలో నిప్పు ఉంది.

"మావా! ఎవల్ని సంపీడానికీ పరుగులు?"

"రత్నం, బతికినావమ్మా! గేసు..."

"గేసేటి? గొట్టాలు కోసి అమ్మీసినారు. మిసను నేదు. ఎక్కడినుంచొచ్చినాది గేసు?"

"మరి ఆ వాసన?"

"అది నువ్వు పాసు సేసిన అయిదు వందల మూడు!"

నీళ్ళలో నిలబడ్డ నా కాళ్ళ కింద ఇసుక కదిలింది.

"సోడా వొద్దన్నావు. బేకరీ మేస్త్రి ఈ పొడి ఇచ్చినాడు. ఇందులో నీ సోడియం ఉండదట. ఏడి తగిలితే బిస్కత్తుని పొంగించి గేసై ఎలిపోతాది. అప్పుడు తలుపు తీత్తే కొంచెం ముక్కు మండుతాది. అంతే!"

"అంటే... నిజంగానే అమ్మోనియానా?" అన్నాను.

ఆ మాట వినగానే ఊరంతా మరో అడుగు లోతుకు దిగింది.

"దాని సుట్టమే. అయితే ఏటి? ఇప్పుడు వాసన సూడు, ఉందేటి?" అని ఒక బిస్కెట్టు నా ముక్కుకు తగిలించి, చేతిలో పెట్టింది. బెల్లం వాసన. నువ్వుల వాసన. ఇంకేం లేదు. "సన్నటి బిస్కత్తు మావా, లోపలేటీ మిగల్దు. గాజుసీసాలో బిస్కత్తు అమ్రుతం అంటావు కదా, దాన్లోనూ ఇదే ఏసీవోరట. మేస్త్రే సెప్పినాడు."

ఇన్నాళ్ళ నా ఉపన్యాసాలన్నీ వరసగా కెరటం మీద తేలుతూ వెళ్ళిపోతున్నట్టనిపించింది.

ఎర్రమ్మ పెద్దమ్మ పళ్ళెంలోకి తొంగి చూసింది. "ఓలె రత్నం, తింటే సస్తామేటి?"

"నెల్రోజులయి నా కూతురు తింటోంది పెద్దమ్మా."

"నాకు ఎనబై. సస్తే సచ్చాను," అని ఒకటి తీసుకుంది. నమిలింది. ఇంకొకటి తీసుకుంది. ఊరంతా ఆవిడ నోటికేసి చూస్తోంది. మూడోది తీసుకునేసరికి ఇక ఎవరూ ఆగలేదు. పొద్దున్నే అంత దూరం పరిగెత్తిన కడుపులు మరి! అలా చేతులు పడ్డాయో లేదో పళ్ళెం అద్దంలా మెరిసింది.

అప్పుడు కేక వేసింది నూకరత్నం. "ఓలమ్మో! మేడానికి ఒక్కటీ నేదు!"

మొదటి వాయి అదే. రెండోది ఓవెనులో మాడిపోతూ ఉంటుంది. మేడం ఒడ్డున నిలబడి చీర కుచ్చిళ్ళు పిండుకుంటోంది. ఆవిడ కారు వైపు ఒకసారి చూసింది. నూకరత్నం చేతిలో ఖాళీ పళ్ళెం ఉంది. నాకు ఆ పళ్ళెం కనబడలేదు, నెత్తిన గంప కనబడింది.

"మేడం," అన్నాను. కెరటాల హోరులో ఆవిడకు వినబడలేదు. మళ్ళీ అన్నాను. "మేడం, ఆ నంబరు ఏమిటో నాకు తెలీదు. తెలిసినట్టు తల ఊపాను. తప్పు నాది. ఈ పిల్లది కాదు."

మేడం దగ్గరికొచ్చింది. నా గుప్పిట్లోకి చూసింది. నూకరత్నం వాసన చూడమని ఇచ్చిన బిస్కెట్టు అందులోనే ఉంది. ఊరంతా తిన్నా, అది తినే ధైర్యం లేనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆవిడ వేళ్ళతో దాన్ని లాక్కుని, ఇసుక దులిపి, కొరికింది. చాలాసేపు నమిలింది. అంతసేపు నమలవలసిన బిస్కెట్టు కాదది, నన్ను ఏడిపించడానికే నమిలింది.

"వచ్చే సోమవారం నుంచి పంపండి," అంది నూకరత్నంతో. "ప్రతివారం."

నూకరత్నం కన్నీళ్ళు దాచుకుందామని తల తిప్పుకుంది. ఎడమవైపు తిరగని మెడ కదా, కుడివైపే తిరిగింది. అటువైపు నేనున్నాను. ఇద్దరం ముఖాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడ్డాం.

"ఒక్క లోపం ఉంది," అంది మేడం.

నూకరత్నం బిగుసుకుపోయింది.

"అన్నీ రాయాలి, ఏదీ దాచకూడదు అన్నారు కదా మౌసా. అసలు ప్రమాదమేమిటో మీ చీటీలో ఎక్కడా రాయలేదే?"

"ఏమిటి మేడం అది?"

"మీరే."

ఆ వారంలోనే షెడ్డు తలుపు మీద ఎర్రరంగుతో, ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు ఒడియాలో హెచ్చరిక వెలిసింది. 'ఓవెను వేడిగా ఉండగా ఐసు మేస్త్రికి ప్రవేశం లేదు.' ఏడేళ్ళుగా అది చెరగలేదు. వెలిసిపోతే నూకరత్నం మళ్ళీ రంగు వేయిస్తోంది. హాస్టలు పిల్లలు బిస్కెట్లు తింటూనే ఉన్నారు. చీమగుడ్ల అక్షరాల మీద నా కోపం రవ్వంత కూడా తగ్గలేదు. ఆ విషయంలో నేనే కరెక్టు, ఎవరొచ్చినా వాదిస్తాను.

కానీ ఆ కుర్రవాడి తరఫున, తూర్పు సముద్రం సాక్షిగా, పాలు కారిన ఆ మేడం గడ్డం సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. తెలియని నంబరు ముందు తల ఊపను. ఊపినా సంతకం పెట్టను. వెలుగుతున్న ఓవెను పక్కన నిలబడను. నిలబడవలసి వచ్చినా ముక్కు తెరవను. ఖర్మకాలి ముక్కు తెరిచినా, బిస్కెట్టు నమిలి మింగేదాకా నోరు మాత్రం తెరవను.